బఠాణీ ఉమ్మేస్తున్న గోల్డ్‌ఫిష్

ప్రశ్న: మా రెండడుగుల అక్వేరియంలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, ఒక సక్కర్ ఫిష్ ఉన్నాయి. పక్కనే చిన్న తొట్టెలో ఫైటర్. మా అత్తయ్యగారు మూడు పూటలా గింజల మేత వేస్తారు. కూరగాయలు కూడా పెట్టమని షాపతను చెబితే పాలకూర, కీరదోస చక్రాలు వేశాను. ముట్టుకోలేదు. బఠాణీ వేస్తే నోట్లో పెట్టుకుని ఉమ్మేశాయి. మర్నాటికి నీళ్లు తెల్లగా అయిపోయాయి. ఒకటే టెన్షన్. ఏం చేయను?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు మీ అత్తయ్యగారికి నచ్చజెప్పాలమ్మా. కడుపు నిండిన చేప ఆకు వైపు ఎందుకు చూస్తుంది? ఒక రోజు మేత పూర్తిగా ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న గోల్డ్‌ఫిష్‌కి ఒక రోజు పస్తు లెక్కే కాదు. అడుక్కుంటున్నట్టు అద్దం దగ్గరకొచ్చి నోరు తెరుస్తాయి, కరిగిపోకండి.

ఇక ఉమ్మేయడం. గోల్డ్‌ఫిష్‌కి పళ్లు గొంతులో ఉంటాయి. ముక్క పెద్దదైనా, గట్టిగా ఉన్నా బయటికి తోసి మళ్లీ అందుకుంటుంది. నాలుగైదు సార్లు అలా చేస్తుంది. నేనూ మొదట్లో అది చూసి ‘వద్దంటోంది’ అనుకుని బఠాణీలన్నీ వలతో తీసేసేదాన్ని. తీరా చూస్తే తప్పు నాదే, పొట్టుతో వేశాను.

పచ్చి బఠాణీని ఉప్పు వేయకుండా మెత్తగా ఉడికించి, చల్లారాక వేళ్ల మధ్య నొక్కండి. పొట్టు జారిపోయి బద్దలు బయటికొస్తాయి. వాటిని మేత గింజంత ముక్కలుగా గిల్లి ఒక్కొక్కటే వేయండి. చేపకు ఒక బఠాణీ చాలు. గోల్డ్‌ఫిష్‌కి మనలా కడుపు సంచి ఉండదు, ఒకేసారి కుక్కకూడదు. మొదటి రోజు తినకపోతే మర్నాడు మళ్లీ. మా వాటికి వారం పట్టింది.

పాలకూర పచ్చిగా వేస్తే తేలుతుంది. మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి తీయండి, మెత్తబడి కిందికి దిగుతుంది. కీరదోస, బీరకాయ సక్కర్‌కి పెట్టండి. చెక్కు తీసి, కూరకి చూసినట్టే చేదేమో కొరికి చూసి, చక్రాన్ని స్టీలు ఫోర్కుకు గుచ్చి అడుగున పెట్టాలి. సక్కర్ రాత్రి తిరిగే చేప కాబట్టి లైటు ఆపాకే పెట్టండి. మిగిలింది పొద్దున్నే తీసేయాలి. మీ నీళ్లు తెల్లబడింది రాత్రంతా కుళ్లిన ముక్కల వల్లే. ఇప్పుడు నాలుగో వంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ పోయిన నీళ్లే పోయండి.

పాచి తిని బతికేస్తుందని సక్కర్‌కి విడిగా ఏమీ పెట్టరు చాలామంది. పాపం, దాని పొట్ట లోపలికి పోయి ఉంటుంది. అన్నట్టు, షాపులో వేలెడంత ఉన్న మామూలు సక్కర్ అడుగు దాటి పెరుగుతుంది. పెద్దదైందని చెరువులో మాత్రం వదలకండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ చేప మన చేపల చెరువుల్లో చేరి రైతుల్ని ఇప్పటికే ఏడిపిస్తోంది.

ఫైటర్‌ని కూరగాయలతో విసిగించకండి. అది పురుగుల్ని, దోమ పిల్లల్ని తినే మాంసాహారి. దాని మేత దానికే ఉంచండి.