ఫాగ్ లైటు ఎదుటివాడి కళ్ళలో కొట్టకూడదు

జయపురం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫాగ్ లైట్లకి ఎల్‌ఈడీ బల్బులు ఏవి కొనాలని అడిగావు. సెకండ్‌హ్యాండ్ జీపు కొని ఈ చలికాలంలో కొరాపుట్ నుంచి సాలూరుకి ట్రిప్పులు వేస్తున్నావని తెలిసినప్పటి నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

అట్టపెట్టె మీద వేలల్లో రాసే లూమెన్లు, అంటే వెలుతురు లెక్క, పట్టించుకోకు. 55 వాట్ల హెచ్11 రకం హాలోజెన్, అంటే పాత ఫిలమెంటు బల్బు, ఇచ్చేదే సుమారు 1350 లూమెన్లు. ఫాగ్ లైటు పని దూరం చూపించడం కాదు. రోడ్డు అంచు, తెల్లగీత, మలుపులో పిట్టగోడ కనబడేలా వెలుతురుని వెడల్పుగా, కిందుగా పరచాలి. పైకి లేచిందా, మంచుకి తగిలి నీ కళ్ళలోకే తిరిగొస్తుంది, ఎదురుగా తెల్ల దుప్పటి కట్టినట్టు అయిపోతుంది. పొట్టంగి దాటాక సుంకి ఘాటీలో ఎదురొచ్చే లోడు లారీ డ్రైవరు సంగతి కూడా ఆలోచించు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. రెండు క్షణాలు అతని కళ్ళు బైర్లు కమ్మితే చాలు.

అసలు చూడాల్సింది కొత్త బల్బులో వెలిగే చిప్పు ఎక్కడుందన్నది. పాత బల్బు ఊడదీసి చేత్తో పట్టుకో. గాజులో నాలుగైదు మిల్లీమీటర్ల సన్నటి ఫిలమెంటు, అంటే వెలిగే తీగ, కనబడుతుంది. డూములో, అంటే లైటు గిన్నెలో, వెలుతురుని ముందుకి మళ్ళించే రిఫ్లెక్టర్ వంపంతా ఆ చోటుని బట్టే చేశారు. కొత్త బల్బుని పక్కన పెట్టి చూడు. చిప్పులు సరిగ్గా ఆ ఎత్తులోనే, దాదాపు అంతే పొడవుతో ఉండాలి. వాటి మధ్య పట్టీ పల్చగా ఉండాలి. నాలుగు వైపులా చిప్పులు అతికించిన లావు బల్బులు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. హెచ్11 రకానికైతే చిప్పులు ఎడమకీ కుడికీ చూసేలా బిగించాలి, పైకీ కిందకీ కాదు. డూముకి పట్టుకునే కాలర్ తిప్పుకునే వీలున్నది తీసుకుంటే ఈ పని సులువు.

రంగు 3000 కెల్విన్ (వెలుతురు రంగుకి కొలత) పసుపు చాలు. పసుపు మంచుని చీల్చుకుపోతుందంటారు గానీ, మంచు బిందువులు అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. నీలం తక్కువున్న వెలుతురు కంటిని తక్కువ గుచ్చుతుంది, లాభం అక్కడ.

బిగించాక చీకటి పడ్డాక చదునైన నేల మీద గోడకి 25 అడుగుల దూరంలో బండి పెట్టు. వెలుతురు పైఅంచు గీత గీసినట్టు ఉండాలి, లైటు మధ్యభాగం కన్నా నాలుగు అంగుళాలు కిందకి. ఆ గీత పైన మచ్చలు పడితే బల్బు కాస్త తిప్పి చూడు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన ఇంకో లెక్క చెబుతుంది: లైటుకి 8 మీటర్ల దూరంలో, అర మీటరు కుడిపక్కగా, నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉన్న కళ్ళకి మిరుమిట్లు కొట్టకూడదు. మీ అమ్మ ఎత్తు దానికి సరిపోతుంది, అక్కడ నిలబెట్టి అడుగు. కళ్ళు మూసుకుందంటే మొహమాటపడకుండా పాత హాలోజెనే మళ్ళీ పెట్టేయ్. కొన్ని డూములకి ఏ ఎల్‌ఈడీ బల్బూ కుదరదు.

మంచు విడిపోగానే ఫాగ్ లైట్లు ఆపేయడం మర్చిపోకు.

హెచ్8, హెచ్11, హెచ్16 చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వాట్లు మాత్రం వేరు. కొనేముందు పాత బల్బు అడుగున రాసినది ఫోటో తీసి పంపు, చూసి చెబుతాను.

మీ మామయ్య