డిగ్రీలో 46 శాతమే ఉంది, ఎంఎడ్ రాదేమో అన్నారు కదా

ఎందుకండీ అంత టెన్షన్? డిగ్రీలో 46 శాతం, బీఎడ్‌లో 61 శాతం వచ్చాయని, డిగ్రీలో 50 లేకపోతే ఎంఎడ్ రాదని ఎవరో చెప్పారని రాశారు. టీచర్ కోర్సులకి నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లో 50 శాతం చూసేది బీఎడ్‌లో. డిగ్రీలో కూడా 50 కావాలన్న షరతు డీఎడ్ (టీచర్ డిప్లొమా) చేసి వచ్చేవాళ్లకి, రెంటిలోనూ ఉండాలి. మీకు చెప్పినవాళ్లు ఆ రెండూ కలిపేసి ఉంటారు. మీరు నిశ్చింతగా పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్‌కి అప్లై చేసేయండి, రాజమండ్రిలో ఆదికవి నన్నయ యూనివర్సిటీ మీ అమలాపురానికి దగ్గరే కదా.

పరీక్ష 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. బీఎడ్ సైకాలజీ, ఫిలాసఫీ పుస్తకాలు అటకమీదుంటే ఇవాళే దింపండి.

అసలు జాగ్రత్త పడాల్సింది సర్టిఫికెట్ల దగ్గర. మాది లంక ఊరు, ఓ ఏడాది గోదారి ఇంట్లోకి వచ్చినప్పుడు ట్రంకుపెట్టె అడుగున ఉన్న నా బీఎడ్ మార్కుల మెమో తడిసి, సంతకం మీద సిరా పాకిపోయింది, ఆరబెట్టినా అంకెలు కనపడలేదు, డూప్లికేట్ కోసం తిరిగి తిరిగి సరిగ్గా కౌన్సెలింగ్ ముందురోజు చేతికొచ్చింది. మీరు ఇప్పుడే అన్నీ బయటికి తీసి, పదో తరగతి మెమోలో ఇంటిపేరు, అక్షరాలు ఎలా ఉన్నాయో బీఎడ్‌లోనూ అలాగే ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి చూడండి.

ఇంకోటి, ఎంఎడ్ రెండేళ్ల రెగ్యులర్ కోర్సు, హాజరు తప్పనిసరి. స్కూల్లో ఉద్యోగం చేస్తూ నెట్టుకొద్దాం అనుకోకండి, ఇంట్లో ఆ మాట ముందే మాట్లాడుకోండి. మెమోల్లో పేరు తేడా ఉంటే ఇక్కడే రాయండి, ఏం చేయాలో చెప్తాను.