ఫారోయీస్ రాతకీ పలుకుకీ అంత తేడా ఎందుకు?

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో యాభై వేల పైచిలుకు జనం మాట్లాడే ఫారోయీస్ భాష శతాబ్దాల డేనిష్ పెత్తనంలో ఎలా బతికింది, రాసినదొకటి పలికేదొకటి ఎందుకయ్యింది అని అడిగారు. రెండిటికీ కారణం ఒకటే: ఆ భాష చాలాకాలం కాగితం మీద లేదు.

ఫారో దీవుల్లో 1298 నాటి గొర్రెల చట్టం ఉంది కానీ, అది పాత నోర్స్‌లో (ఫారోయీస్, ఐస్లాండిక్‌లకి తల్లి భాష) ఉంది, ఫారోయీస్ పోలికలు అక్కడక్కడా కనిపిస్తాయంతే. 16వ శతాబ్దంలో లూథరన్ మతం వచ్చాక చర్చి, కోర్టు, ఆ తర్వాత బడి అన్నీ డేనిష్‌లోకి పోయాయి. ఇంట్లో, పడవ మీద, గొర్రెల దగ్గర మాత్రం ఫారోయీసే.

దాన్ని నిలబెట్టినవాటిలో ముందు చెప్పాల్సింది వలయ నృత్యం. వాయిద్యాలుండవు. చేతులు పట్టుకుని ఎడమకి రెండడుగులు, కుడికి ఒకటి వేస్తూ తిరుగుతారు. ముందు పాడేవాడు చరణం ఎత్తుకుంటే పల్లవి అందరూ అందుకుంటారు. డ్రాగన్‌ని చంపిన వీరుడు సిగుర్డ్ గాథ వంటివి వందల చరణాలు సాగుతాయి, అన్నీ కంఠస్థమే. 1781-82లో దీవులు తిరిగి వీటిని రాసుకున్న ఫారో పండితుడు యెన్స్ క్రిస్టియన్ స్వాబోకే ఈ భాష బతుకుతుందన్న నమ్మకం లేదు! చెవికి వినపడినట్టే రాసుకున్నాడాయన. ఫారోయీస్‌లో మొదటి అచ్చు పుస్తకం 1822లో వచ్చిన సిగుర్డ్ గాథలే.

1846లో ఫారో పండితుడు హామర్స్‌హైంబ్ దారి మార్చాడు. పలుకుని వదిలేసి, పాత నోర్స్ వ్యుత్పత్తిని బట్టి వర్ణక్రమం కట్టాడు. లాభం ఏమిటంటే, పైన గీత పెట్టిన రోమన్ 'ఎ' అక్షరాన్ని (á) చాలా దీవులవాళ్లు 'ఒఆ' అని, ఉత్తరాదివాళ్లు 'ఆ' అని పలికినా రాత ఒకటే. ఐస్లాండ్‌వాళ్లకీ చదివితే అర్థమవుతుంది, కాబట్టి ఇదేదో డేనిష్ యాస అని కొట్టిపారేసే వీల్లేకపోయింది. తర్వాత భాషావేత్త యాకోబ్ యాకోబ్‌సెన్ పలుకుకి దగ్గరి రాత ప్రతిపాదించాడు, నెగ్గలేదు. నా లెక్కలో హామర్స్‌హైంబ్ ఎంపికే సరైంది, కాకపోతే దాని ఖరీదు నేటికీ బడిపిల్లలే కడుతున్నారు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. అడ్డగీత 'డి' (ð, పేరు 'ఎడ్') ఎక్కడా 'డ'లా పలకదు. రెండు అచ్చుల మధ్య పడితే పక్క అచ్చుని బట్టి 'వ' లేదా 'య' వినిపిస్తుంది, లేదా ఏమీ వినిపించదు. మనిషి అనే మాటలో (maður) 'ఎడ్', రోజు అనే మాటలో (dagur) 'జి' రాస్తారు, పలికితే మాత్రం 'మెఆవుర్', 'డెఆవుర్', రెండూ ప్రాసపదాలే. 'ఐ', 'వై' అక్షరాలు రెండిటికీ పలుకు ఒకటే, ఏది ఎక్కడ రాయాలో బట్టీ పట్టాల్సిందే. 'కె' తర్వాత 'ఐ' వస్తే 'చ' అవుతుంది: చర్చిని 'చిర్చా' అంటారు. ఐస్లాండిక్ వచ్చినవాళ్లు అలవాటుకొద్దీ అక్షరం అక్షరం పలికేసి ఇంకా ఎక్కువ తడబడతారు. విభక్తులు నాలుగని వ్యాకరణం చెబుతుంది, కానీ షష్ఠి మాట్లాడే భాషలో దాదాపు పోయింది. దాని మీద మొదట్లో సమయం పెట్టొద్దు.

హోదా మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1888 డిసెంబరు 26న రాజధాని టోర్ష్‌హావ్‌న్‌లో జరిగిన క్రిస్మస్ సభతో భాషా ఉద్యమం మొదలైనా, బడిలో డేనిష్‌తో సమాన స్థానం 1938లోగాని రాలేదు. 1948 స్వపరిపాలన చట్టం దాన్ని ప్రధాన భాషగా గుర్తిస్తూనే డేనిష్ కూడా బాగా నేర్పాలంది. ఆ షరతు ఇప్పటికీ ఉంది.

మొదలుపెట్టేటప్పుడు స్ప్రోటిన్ ఆన్‌లైన్ నిఘంటువు ఉచితమే. దాంతోపాటు ఫారో ప్రభుత్వ ప్రసార సంస్థ క్రింగ్‌వార్ప్ రేడియో వార్తలు రోజూ వినండి. చెవి పట్టకముందే కంటితో చదవడం మొదలుపెడితే తప్పు పలుకు స్థిరపడిపోతుంది, తర్వాత వదిలించుకోవడం కష్టం.