అల్లుడా, టూల్ రాసే ముందు జర ఇది సదువు

అల్లుడా,

మొన్న దసరకు జమ్మిచెట్టు కాడ చెప్పినవ్ కదా, ఇంట్ల పీసీ, ఆఫీస్ లాప్‌టాప్, కిరాయికి తీసుకున్న సర్వర్, మూడింట్ల సెట్టింగులు ఒక్కతీరు ఉండేటట్టు సొంతంగ ఒక టూల్ రాస్త అని. అందరు బంగారం పంచుకునుట్ల ఉన్నరు, నేను గూడ సరిగ్గ జవాబు చెప్పలే. ఇయ్యాల నల్లగొండల పొద్దుగాల సంది కరెంట్ లేదు, ఫోన్ల కొడుతున్న, తప్పులుంటే సర్దుకో.

రెడీమేడ్‌వి ఉండంగ నీకెందుకురా అని ఎవరన్న అంటే అననీ, నువ్వు రాయి. కాకపోతే ఉన్నవి ఒక వారం వాడి చూసి రాయి. జీఎన్‌యూ స్టో అని ఉంటది, నీ ఫైళ్లు ఒక ఫోల్డర్ల పెడితే హోమ్ ఫోల్డర్ల వాటికి సింలింకులు, అంటే అసలు ఫైల్ దిక్కు చూపించే గుర్తులు, కడతది, ఇంకేం చెయ్యదు, అదే దాని గొప్ప. షేమ్వా (chezmoi) అని ఇంకో టూల్ ఉంటది, అది లింకులు కట్టదు, ఫైలునే తయారు చేసి పెడతది, మిషన్‌ను బట్టి మార్చి రాసుడు గూడ దానికొస్తది. ఇవేవీ లేకుండ ఉత్త గిట్‌తోని (ఫైళ్ల మార్పులన్ని హిస్టరీ పెట్టే టూల్) బేర్ రిపో (రిపో అంటే గిట్ ఆ హిస్టరీ దాసే ఫోల్డర్, బేర్ అంటే హిస్టరీ ఒక్కటే ఉన్నది) పెట్టుకోని నడిపించేటోళ్లు గూడ మస్తు మంది ఉన్నరు.

ఇవి చూస్తే నీకే సమజైతది, మొదలు తేల్చుకోవాల్సింది లింకా, కాపీనా అని. లింక్ అయితే సుఖమే, ఫైల్ యాడ మార్చినా రిపోల మారినట్టే. కానీ కొన్ని ప్రోగ్రాములు సేవ్ చేసేటప్పుడు పక్కన కొత్త ఫైల్ రాసి దాన్ని పాత పేరు మీదికి రీనేమ్ చేస్తయి, అప్పుడు నీ లింక్ ఎగిరిపోయి ఆడ మామూలు ఫైల్ కూసుంటది, నీకు సోయే ఉండదు, నెల తర్వాత చూస్తే రిపోల పాతదే ఉంటది. కాపీ అయితే ఈ లొల్లి లేదు గానీ ఇంకోటి ఉంది, మిషన్ మీద ఎవరో చేత్తోని మార్చింది నీ టూల్ తెల్వక తుడిచేస్తది. అందుకే కాపీ పద్ధతి పెట్టుకుంటే పోయినసారి నువ్వు రాసిన ఫైల్ హ్యాష్ ఒకటి, అంటే అండ్ల ఉన్నదాన్ని బట్టి వచ్చే వేలిముద్ర అసొంటి నంబర్, దాసిపెట్టు. అప్పుడు మూడు చూసుకోవచ్చు, రిపోల ఏముంది, పోయినసారి నేనేం రాసిన, ఇప్పుడు డిస్క్ మీద ఏముంది. డిస్క్ మీదిది పోయినసారి రాసిన దానితోని కలిస్తే దర్జాగ మార్చు. కలవలేదనుకో, ఎవరో ముట్టుకున్నరన్నట్టు, ఆడనే ఆగి తేడా చూపించి అడుగు. హ్యాష్ అసలే లేకుంటే ఆ ఫైల్ నీది కాదు, దాని జోలికి పోకు. నీ టూల్ల సగం మెదడు ఇక్కడ పెట్టు, మిగిలింది ఎట్లనో అట్ల అయితది.

ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే నాకు దెబ్బ తాకింది. 2009ల నేను పనిచేసే కాడ ఇసొంటిదే ఒక షెల్ స్క్రిప్ట్ రాసిన, పాత ఫోల్డర్ల ఉన్నయన్ని తీసేసి కొత్తయి పెట్టాలె, అంతే. వేరియబుల్ పేరుల ఒక్క అక్షరం తప్పు కొట్టిన, అది ఖాళీ అయింది, అడగకుండ అన్ని తుడిచే ఆర్ఎం మైనస్ ఆర్ఎఫ్ కమాండ్ పోయి సీదా స్లాష్ స్టార్ మీద, అంటే మిషన్‌ల ఉన్న ఫోల్డర్లన్నిటి మీద, పడ్డది, అదీ రూట్‌గ, అంటే అన్ని హక్కులున్న లాగిన్‌ల. కంట్రోల్ సీ కొట్టేవరకు కమాండ్లుండే బిన్, మిషన్ లేచేటందుకు కావాల్సిన బూట్, రెండు ఫోల్డర్లు పోయినయ్, అక్షరాల వరసల ముందుగాల అవే ఉంటయి కదా. ఫైళ్ల పేర్లు చూపించే ఎల్ఎస్ కొడితే కమాండ్ నాట్ ఫౌండ్ అంటున్నది, నాకు చెమటలు. స్క్రిప్ట్ మీదికెల్లి సెట్ మైనస్ యూ అని ఒక్క లైన్ ఉంటే ఆ ఖాళీ వేరియబుల్ కాడనే ఆగిపోతుండె. నీ టూల్ మామూలుగ నడిపితే ఏం చేస్తదో చూపించాలె అంతే, రాయమని వేరేగ చెప్తేనే రాయాలె. రాసేటప్పుడు గూడ పక్కన టెంపరరీ ఫైల్ల మొత్తం రాసి అప్పుడు రీనేమ్ చెయ్యి, నడుమల కరెంట్ పోతే సగం బాష్‌ఆర్‌సీ (టర్మినల్ తెరవంగనే సదివే సెట్టింగుల ఫైల్) మిగలొద్దు.

రిపోల పాస్‌వర్డులు, సర్వర్ల లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ పెట్టకు. పొరపాటున పెట్టినవనుకో, ఇంకో కమిట్‌ల (గిట్‌ల దాసే ఒక్కో మార్పు) తీసేస్తే పోదు, హిస్టరీల ఉంటది, ఆ పాస్‌వర్డునో కీనో రద్దు చేసి కొత్తది తీసుకో. ఇంకోటి, గిట్ ఫైల్ పర్మిషన్లు పూర్తిగ గుర్తుపెట్టుకోదు, నడిపేదా కాదా అన్నదొక్కటే పెట్టుకుంటది, 600, అంటే ఓనర్ ఒక్కడే సదివి రాసేటట్టు, ఉండాల్సినయి టూలే చూసుకోవాలె. ఆఫీస్ లాప్‌టాప్ విండోస్ అన్నవ్ కదా, ఆడ సింలింక్ కట్టాలంటే డెవలపర్ మోడ్ అన్న ఉండాలె, అడ్మిన్ అన్న అయ్యుండాలె. లైన్ ఎండింగులు (లైన్ ఆఖర్ల ఉండే కనపడని గుర్తులు, విండోస్‌ల వేరే తీరుంటయి) గూడ చూసుకో, లేకుంటే సర్వర్ మీద స్క్రిప్ట్ నడపంగనే బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అని తిడతది.

మిషన్‌కో తీరు సెట్టింగ్ కావాలని టెంప్లేట్ భాష ఒకటి కనిపెడుత అని అంటున్నవట, తమ్ముడు చెప్పిండు. వద్దురా. గిట్‌ల 2017 సంది ఇన్‌క్లూడ్‌ఇఫ్ అనే సెట్టింగ్ ఉన్నది, ఆఫీస్ ఫోల్డర్‌కు ఆఫీస్ మెయిల్, నీ దానికి నీ మెయిల్ అదే పెట్టుకుంటది. బాష్‌ఆర్‌సీ ఆఖర్ల లోకల్ ఫైల్ ఉంటే సదువు అని ఒక లైన్ పెడితే చాలు. మన ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం లేడా, అమ్మ చేతులు నొస్తున్నయని ఆసు (చీర నేసే ముందు దారం మేకుల చుట్టు పోసుడు) మిషన్ చేసిండు, 1999ల అయింది, 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆయన మగ్గం మొత్తం మార్తా అని కూసోలె, ఆసు పోసుడొక్కటే పట్టుకున్నడు. నువ్వు గూడ గిట్‌కాన్ఫిగ్, బాష్‌ఆర్‌సీ, ఎడిటర్‌ది, ఈ మూడు ఫైళ్లకే రాయి, అవి రెండు నెలలు నడిచినంక నాలుగోది చూద్దాం.

టెస్ట్ చేసేటప్పుడు హోమ్ ఫోల్డర్ యాడున్నదో చెప్పే హోమ్ వేరియబుల్‌ను ఖాళీ టెంపరరీ ఫోల్డర్ మీదికి తిప్పి నడుపు. ఒకసారి నడిపి, వెంటనే ఇంకోసారి నడుపు, రెండోసారి ఏం చెయ్యాల్సింది లేదు అని రావాలె, ఏమన్న రాసిందంటే ఏడనో తప్పున్నట్టే.

ఇంట్ల పీసీ మాత్రం ఆఖరికి పెట్టుకో. అండ్ల మీ అమ్మ లాగిన్ ఉన్నది, తెలుగు కీబోర్డు, ఫాంట్ సెట్టింగులు నేనే చేసిపెట్టిన, ఒత్తులు సక్కగ కనిపించేటట్టు ఫాంట్స్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్ దిద్దనీకి ఒక ఆదివారమంత పట్టింది. అది పోతే అక్క నిన్నేమనదు, నాకు ఫోన్ చేస్తది. రాసినకాడికి నాకు పంపు, నా పాత డబ్బా మీద నేను నడిపి చూస్త.

మీ మామ