300కీ 600కీ మధ్య 400 ఎలా వచ్చింది?

ప్రశ్న: సార్, నేను పీయూసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాక్ టెస్ట్‌లో ఒక లెక్క ఇచ్చారు. వేడి బయటికి పోని రెండు పాత్రలు, సైజు ఒకటే. రెండింటిలోనూ నైట్రోజనే, పీడనమూ సమానమే. ఒకదాంట్లో 300 కెల్విన్, రెండోదాంట్లో 600. మధ్యలో వాల్వ్ తెరిస్తే చివరికి ఉష్ణోగ్రత ఎంత? నేను 450 అని పెట్టాను. కీలో 400 ఉంది. నాన్నను అడిగితే ఆయనా 450 అనే అన్నారు. కీ తప్పా? హీలియం, నైట్రోజన్ కలిపితే ఎలా చెయ్యాలో కూడా చెప్పండి.
– ఒక విద్యార్థిని, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: కీ కరెక్టేనమ్మా. మీ నాన్నగారు 450 అనడానికీ కారణముంది. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు అంటాం కదా, ఆ లెక్కే మనందరికీ అలవాటు. ఒక బకెట్ వేడినీళ్లలో ఒక బకెట్ చన్నీళ్లు పోస్తే ఇంచుమించు నడిమధ్య వేడికే వస్తాయి. బకెట్ నిండా నీళ్లంటే వేడివైనా చల్లవైనా బరువు దాదాపు అంతే. గాలి అలా కాదు. పీడనం ఒకటే అయినప్పుడు, వేడెక్కిన గాలి అదే చోటులో తక్కువ అణువులతో సరిపెట్టుకుంటుంది.

నీ పాత్రలు ఒక్కోటి 50 లీటర్లు, పీడనం ఒక బార్ అనుకుందాం. 300 దగ్గర అందులో 2 మోల్స్ (మోల్ అంటే అణువులను లెక్కపెట్టే కొలత), అంటే 56 గ్రాముల నైట్రోజన్ పడుతుంది. 600 దగ్గర ఒక మోలే, 28 గ్రాములు. చల్లని వైపు ఇద్దరు, వేడి వైపు ఒక్కడు. రెండు 300లు, ఒక 600, మొత్తం 1200. ముగ్గురికి పంచితే 400.

మీ ఊరి లెక్కలో చెప్తాను. హోసూరు సుమారు 40 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో గంటకు 30 చొప్పున వెళ్లి, ఖాళీ రోడ్డు మీద 60 చొప్పున తిరిగొచ్చావనుకో. వెళ్లడానికి 80 నిమిషాలు, రావడానికి 40. రెండు గంటల్లో 80 కిలోమీటర్లు, సగటు వేగం 40. అక్కడ నెమ్మదిగా వెళ్లినప్పుడు ఎక్కువసేపు పట్టినట్టే, ఇక్కడ చల్లని పాత్రలో ఎక్కువ అణువులున్నాయి.

సెల్సియస్‌తో చెయ్యొచ్చా అని నీకు అనుమానం రావచ్చు. మోల్స్ ఎన్నో తేలాక హాయిగా చెయ్యొచ్చు. 300 కెల్విన్ అంటే 27 డిగ్రీల సెల్సియస్, 600 అంటే 327. రెండు 27లు, ఒక 327 కలిపి మూడుతో భాగిస్తే 127 డిగ్రీలు, అదీ 400 కెల్వినే. మోల్స్ లెక్కపెట్టేటప్పుడు మాత్రం కెల్విన్ తప్పనిసరి. అక్కడ 27, 327 వేస్తే చల్లని వైపు పన్నెండు రెట్లు అణువులున్నట్టు వస్తుంది, లెక్కంతా పాడవుతుంది.

ఈ లెక్క నాకు పుస్తకంలో కంటే పనిలోనే బాగా ఒంటబట్టింది. చెన్నైలో ముప్పై ఏళ్లు ఏసీ ప్లాంట్లు నడిపాను. 2003 మే ఆఖర్లో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు కొట్టింది. ఆ వారంలోనే ఒక పెద్ద హాల్లో ఏసీ ఎంత తిప్పినా చల్లబడలేదు. మా హెల్పర్ "గ్యాస్ కమ్మి సార్" అన్నాడు, తక్కువైందని. నేనూ నమ్మి కంప్రెసర్ దగ్గరే రెండు గంటలు పోగొట్టాను. టెన్షన్ మామూలుగా లేదు, సాయంత్రం హాల్లో ఫంక్షన్ ఉంది. చివరికి దారానికి థర్మామీటర్ కట్టి మూడు చోట్ల చూశాను. బయటి గాలి 43, హాల్లోంచి తిరిగొచ్చే గాలి 26, రెండూ కలిసిన చోట 34న్నర. 26 నుంచి 43కి 17 డిగ్రీలు, 26 నుంచి 34న్నరకి ఎనిమిదిన్నర. సరిగ్గా సగం. అంటే నూటికి పదిహేను పాళ్లు రావాల్సిన బయటి గాలి యాభై పాళ్లు వస్తోంది! వెళ్లి చూస్తే బయటి గాలిని అదుపు చేసే రేకుల తలుపు, అదే డాంపర్, దాని హ్యాండిల్ మూసిన చోటే ఉంది కానీ, లోపల పిన్ను ఊడి రేకులు బార్లా తెరుచుకున్నాయి. గ్యాస్ నిండుగానే ఉంది.

అక్కడ నేను అణువులు లెక్కపెట్టలేదే అంటావేమో. 43 అంటే 316 కెల్విన్, 26 అంటే 299. తేడా ఆరు శాతం లోపే. డాంపర్ సంగతి తేలడానికి అంతమాత్రం తేడా అడ్డు కాదు. నీ లెక్కలో 300కీ 600కీ రెట్టింపు తేడా ఉంది, దాన్ని వదిలేస్తే కుదరదు.

ఇక హీలియం. అది ఒంటరి పరమాణువు, అటూ ఇటూ పరిగెత్తడమే దాని పని. నైట్రోజన్ జంట, పరిగెడుతూ గిరగిరా తిరుగుతుంది కూడా. అందుకే ఒక డిగ్రీ పెరగడానికి మోల్‌కు హీలియం మూడు వాటాల శక్తి తీసుకుంటే నైట్రోజన్ ఐదు తీసుకుంటుంది. 300 దగ్గర ఒక మోల్ హీలియం, 400 దగ్గర ఒక మోల్ నైట్రోజన్ మూసిన పాత్రలో కలిస్తే, మూడు 300లు, ఐదు 400లు కూడి ఎనిమిదితో భాగించు: 362.5 కెల్విన్. అదే డక్ట్‌లోలాగా, అంటే ఏసీ గాలి గొట్టంలోలాగా, పీడనం మారకుండా కలిస్తే వాటాలు ఐదు, ఏడు అవుతాయి, జవాబు 358.3. ప్రశ్నలో పాత్ర సైజు మారనిదా, పీడనం స్థిరమా అన్న మాట కోసం ముందు వెతుక్కో. మార్కులు పోయేది అక్కడే. 600 దగ్గర నైట్రోజన్ లోపల కొద్దిగా కంపించడం కూడా మొదలవుతుంది, అందుకని నీ మొదటి లెక్కను నిజంగా కొలిస్తే 400 కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. పరీక్షకు అది అక్కర్లేదు.

ఇప్పుడు నువ్వొకటి చెయ్యి. అవే రెండు పాత్రలు, అదే పీడనం, 300 వైపు మాత్రం హీలియం నింపు. ఉష్ణోగ్రత దాదాపు 436 రావాలి. తర్వాత పీడనం కట్టు. నైట్రోజన్ లెక్కలో వాల్వ్ తెరిచాక కూడా పీడనం మారదు, ఇందులో మాత్రం తొమ్మిది శాతం పెరుగుతుంది. ఎందుకు పెరిగిందో నాన్నగారూ నువ్వూ కూర్చుని ఆలోచించి నాకు రాయండి.