తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఎప్పుడు మొదలైంది? అక్కడి ప్రత్యేకత ఏమిటి?

1954లో. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడే రాయలసీమకు దక్కిన యూనివర్సిటీ ఇది. తొలి వైస్ ఛాన్సలర్ ఎస్. గోవిందరాజులు నాయుడు. ఆర్ట్స్, సైన్స్, కామర్స్, ఇంజనీరింగ్ అన్నీ ఉన్నాయి. ఇంజనీరింగ్ కాలేజీ 1959 నాటిది.

నన్నడిగితే మాత్రం ముందు చెప్పుకోవాల్సింది ప్రాచ్య పరిశోధన సంస్థ గురించి. 1939లో దేవస్థానం పెట్టిన ఈ సంస్థ తర్వాత యూనివర్సిటీ చేతికొచ్చింది. అక్కడున్నవి తాళపత్ర గ్రంథాలు. తాటాకు మీద గంటంతో, అంటే ఇనుప మొన ఉన్న కలంతో, గీసిన గీతల్లో మసి పూస్తేగానీ అక్షరం తేటగా కనబడదు. ఆకు పెళుసెక్కకుండా, పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాస్తారు. తెలుగు, సంస్కృతం చదివే పిల్లలు అవి తప్పకుండా చూడాలి.

అన్నట్టు, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ (1981), కడప యోగి వేమన (2006) యూనివర్సిటీలు కూడా ముందు ఎస్వీయూ పీజీ సెంటర్లే.