నోటీసు తాగినందుకు కాదు, మూడు గైర్హాజరీలకు

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉంటున్నాను. రెండో డీయూఐ (తాగి బండి నడపడం) కేసులో శిక్ష పడి, కారుకు ఏడాదిపాటు ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ (గొట్టంలో ఊదితే, మద్యం లేదని తేలాకే ఇంజిన్‌ను స్టార్ట్ కానిచ్చే పరికరం) పెట్టించుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి చుక్క ముట్టలేదు. ఆఫీసు పనిలో పడి రెండుసార్లు క్యాలిబ్రేషన్‌కు (పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూడటానికి) వెళ్లలేకపోయాను. మూడోసారి నాన్నగారు కాలం చేసి ఇండియాలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి కారు బ్యాటరీ చచ్చిపోయింది, జంప్ స్టార్ట్ చేయించాను. ఇప్పుడు డీఎంవీ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ) నుంచి లైసెన్సు సస్పెన్షన్ నోటీసు వచ్చింది. మనిషినన్న జాలి కూడా లేదా? అంతా తేలేదాకా నా భార్య కారు నడుపుకోమని స్నేహితుడు అంటున్నాడు.

జవాబు: మీరు తాగారా, మానేశారా అన్నది ఈ నోటీసులో ప్రశ్నే కాదు. కాలిఫోర్నియాలో పరికరాన్ని 60 రోజులకు ఒకసారైనా క్యాలిబ్రేట్ చేయించాలి. మూడుసార్లు తప్పితే, బిగించిన సంస్థ డీఎంవీకి తెలియజేసి తీరాలి. ఆ మూడింట్లో ఒక్కటి కొట్టేయించగలరా? మీ కేసంతా అదే.

నాన్నగారి మరణం మూడో గైర్హాజరీకి మాత్రమే జవాబు. మొదటి రెండింటికీ ‘పని ఒత్తిడి’ అంటే ఎవరూ వినరు. కోర్టు విధించిన షరతు తేదీలను ఫోన్‌లో పెట్టుకోకపోవడం శుద్ధ నిర్లక్ష్యం. అయినా ఆ రెంటినీ వదలకండి. ఆ సంస్థ పంపిన మెసేజ్‌లు, ఈమెయిళ్లు తిరగేయండి. అపాయింట్‌మెంట్‌ను వాళ్లే వాయిదా వేసి ఉంటే అది మీ తప్పు కింద రాకూడదని గట్టిగా వాదించవచ్చు. మూడోదానికి పాస్‌పోర్టు ముద్రలు, విమానం టికెట్లు, ఆ రోజుల్లో ఇంజిన్ ఒక్కసారీ స్టార్ట్ కాలేదని చూపే లాగ్ (పరికరంలో నమోదయ్యే రికార్డు) జత చేయండి. ఊళ్లో లేకపోవడం దానంతటదే మినహాయింపు కాదు. బయల్దేరేముందు సంస్థకు రాతపూర్వకంగా చెప్పి ఉంటే మీ వాదనకు బలం వస్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది బ్యాటరీ. కరెంటు పోయి మళ్లీ వచ్చినట్టు లాగ్‌లో పడుతుంది. పరికరాన్ని ఎవరో పీకినా అక్కడ అలాగే కనిపించవచ్చు. ట్యాంపరింగ్‌కు (పరికరాన్ని పీకడం, ఏమార్చడం లాంటివాటికి) మూడుసార్ల లెక్క లేదు, ఒక్కసారికే రిపోర్టు వెళ్తుంది. అందుకే జంప్ స్టార్ట్ చేసినవారి రసీదు, అందులో తేదీ, సమయం, మీటర్ రీడింగ్ సంపాదించండి. కొత్త బ్యాటరీ వేయించి ఉంటే ఆ బిల్లూ ఉంచండి. కరెంటు పోయేముందు వోల్టేజీ మెల్లగా పడిపోయినట్టు లాగ్ చూపితే మీ పక్షాన అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

నోటీసుపై ఉన్న తేదీ ఇప్పుడే చూడండి. విచారణ (హియరింగ్) కోరే హక్కు ఉన్న నోటీసైతే, అందిన 10 రోజుల్లోపు అడగకపోతే ఆ హక్కును వదులుకున్నట్టే లెక్క. హక్కు ఉందో లేదో నోటీసులోనే రాసి ఉంటుంది. రుజువులన్నీ చేతికొచ్చాక అడుగుదామని ఆగకండి. ముందు విచారణ కోరండి, కాగితాలు తర్వాత ఇవ్వవచ్చు.

మీ భార్య కారు ముట్టుకోవద్దు. పరికరం లేని బండి నడపడం వెహికల్ కోడ్ 23247 కింద నేరం. మీకు ఆంక్ష ఉందని తెలిసీ బండి ఇచ్చినందుకు ఆవిడ కూడా ముద్దాయి అవుతారు. మీ కోసం ఆవిడ గొట్టంలో ఊదినా అంతే. ఆరు నెలల వరకు జైలు, 5,000 డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పరికరం తీసేసి ఇంట్లో కూర్చున్నా లాభం లేదు. నిబంధన పాటించని కాలం మీ ఏడాదిలో జమ కాదు.

కంపెనీ బండిని ఉద్యోగ పనిమీద నడపడానికి మాత్రం సెక్షన్ 23576లో వెసులుబాటు ఉంది. యజమానికి మీ ఆంక్ష సంగతి తెలిసి ఉండాలి, ఆ రుజువు బండి నడిపేటప్పుడు మీ దగ్గర ఉండాలి. మీకు వాటా ఉన్న కంపెనీ బండికి ఇది వర్తించదు. సొంతంగా కన్సల్టెన్సీ పెట్టుకున్నవారు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

లైసెన్సు ఇంకా చెల్లుతుంటే రేపే క్యాలిబ్రేషన్ చేయించి తేదీ ఉన్న రసీదు తీసుకోండి. సస్పెన్షన్ అమల్లోకి వచ్చేసి ఉంటే కారును టోయింగ్‌లో పంపండి. పూర్తి లాగ్ కాపీ ఇమ్మని సంస్థను ఈమెయిల్‌లో అడగండి. మీరు ప్రొబేషన్‌లో ఉంటే, కోర్టు పిలవకముందే మీ క్రిమినల్ లాయర్‌కు ఇదంతా చెప్పండి. ఇకపై ఊరెళ్లాల్సి వస్తే ముందురోజే క్యాలిబ్రేషన్ చేయించి, కారు బ్యాటరీకి మెయింటెయినర్ (ఛార్జి దిగిపోకుండా చూసే పరికరం) తగిలించి వెళ్లండి.